చదివినవారు నాకేమీ కారు

పోయిన వారం మా పేచీ హాలు తలుపు మీద చెయ్యి వేసిన చోట ఆపేశాను. తలుపు తీసిందా, వెనక్కి తిరిగిందా చెప్పకుండా పోయిందేమిటీవిడ అని మీరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, తప్పులేదు. ఆ రోజు దాని వెనక కారిడార్లో నిలబడి నేనూ దాన్ని అలాగే తిట్టుకున్నాను.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. పేచీ మా అక్క కూతురు. అక్కా బావా పోయాక నా దగ్గరే పెరిగింది. అసలు పేరు వేరే ఉంది. కానీ పాలగ్లాసు దగ్గర్నుంచి పరీక్ష మార్కుల దాకా దేన్నీ ఒక పట్టాన ఒప్పుకునేది కాదు. అందుకని ఇంట్లో ఈ పేరు పెట్టాం. అది కాస్తా దానికంటే ముందే ఆఫీసుకి చేరింది.

ఆఫీసంటే నేను పనిచేసే ఆఫీసే. మా పని అర్థం కావాలంటే ఒక్క సంగతి తెలిస్తే చాలు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయి, కానీ అన్నీ ఒకేసారి పనిచెయ్యవు. కిడ్నీలో కొన్ని మేలుకుని ఉండాలి, కొన్ని పడుకుని ఉండాలి. వాటిని లేపే ప్రోటీన్లు కొన్ని, జోకొట్టే ప్రోటీన్లు కొన్ని. ఏది దేన్ని లేపుతుంది, ఒంట్లో ఎక్కడ, ఏ ప్రయోగంలో తెలిసింది అన్నది శాస్త్రవేత్తలు తలో పేపర్లో తలో తీరుగా రాస్తారు. అవన్నీ చదివి, ఒక తీరుకి తెచ్చి, డేటాబేసులో పెట్టడం మా పని. లేపేదైతే పై బాణం, జోకొట్టేదైతే కింది బాణం. ఏ మూల ఏ ల్యాబులో ఎవరు అడిగినా జవాబు చిటికెలో దొరకాలి.

కూర్చుని బాణాలు వేస్తారా, దానికి జీతం కూడానా అని మా ఇంటాయన చాలాకాలం వెక్కిరించాడు. ఒకసారి ఆయన గుండె డాక్టరు మాటల్లో మా డేటాబేసు పేరెత్తి, అది లేకపోతే మేం కళ్ళకి గంతలు కట్టుకుని తిరిగేవాళ్ళమండీ అన్నాడట. ఆ రోజు నుంచి పక్కింటివాళ్ళకి నా ఉద్యోగం గురించి నాకంటే ఎక్కువ ఆయనే చెప్తున్నాడు.

ఇక గొడవ సంగతి. ఒక పిల్లల ఆసుపత్రిలో పరిశోధన చేసే డాక్టరమ్మ మాకు మెయిల్ పంపింది. కిడ్నీలో మచ్చలు పడేలా చేసే ఒక జన్యువును ఫలానా ప్రోటీన్ లేపుతుందని మీ దగ్గర పై బాణం ఉంది, మా కణాల్లో చూస్తే జోకొడుతున్నట్టుంది, తప్పు మాదే అయి ఉంటుంది, మీరు ఔనంటే ఈ సాయంత్రానికి ఈ పని మూసేసి కణాలు పారేస్తాం అని ఎంతో వినయంగా రాసింది. ఆ వినయం చూసి పేచీకి ఒళ్ళు మండింది. అసలు పేపరు తవ్వి తీసి చదివింది. తప్పు డాక్టరమ్మది కాదు, మాది. ఆ బాణం తిరగబడి ఉంది.

వేసింది ఎవరో కాదు, పెద్దాయన. ఈ డేటాబేసుని ఒక గదిలో, ఒక కంప్యూటరుతో మొదలుపెట్టిన మనిషి. ఆ రోజే దాన్ని నడిపించాలా మూసెయ్యాలా తేల్చడానికి పైనుంచి కమిటీ వస్తోంది. పేచీ వెళ్ళి చెప్తే ఆయన ముఖం గంటు పెట్టుకుని, కమిటీ వెళ్ళాక చూద్దాం, ఈలోగా వాళ్ళ ముందు ఆ బాణం ఊసెత్తావంటే ఈ ఆఫీసులో నీకు కుర్చీ ఉండదు అన్నాడు. ఉత్త బెదిరింపు కాదది. పేచీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆయన సంతకం కావాలి. ఆ కాగితం ఎన్నాళ్ళ నుంచో ఆయన బల్ల మీదే పడి ఉంది. నేను ఎన్నిసార్లు గుర్తుచేసినా చూద్దామమ్మా అంటాడు తప్ప పెన్ను తియ్యడు.

కారిడార్లో దాని చెయ్యి పట్టుకుని ఆపాను. సాయంత్రం దాకా ఓపిక పట్టవే, కమిటీ అటు వెళ్ళగానే ఇటు మార్చేద్దాం అన్నాను. అది చెయ్యి విడిపించుకుంది.

"అప్పటికి ఆవిడ పారేస్తుంది పిన్నీ. కుర్చీ పోతే పోనీ, నిలబడి చదువుతాను."

తలుపు తీసింది. నేనూ దాని వెనకే దూరాను. ఏం చేస్తాను మరి.

హాల్లో లైట్లు తగ్గించి ఉన్నాయి. పొడుగు బల్లకి అవతల కమిటీవాళ్ళు ముగ్గురు. నడుమ కూర్చున్నావిడ అధ్యక్షురాలు, పొట్టి జుట్టు, చెవి వెనక పెన్సిలు. గోడవారగా మా ఆఫీసువాళ్ళందరూ ఇస్త్రీ బట్టల్లో బిగుసుకుని కూర్చున్నారు. తెర పక్కన పెద్దాయన, మంచి ఊపు మీద ఉన్నాడు. ఆ మనిషి మీద నాకెంత కోపం ఉన్నా ఒకటి ఒప్పుకోవాలి. మా పని గురించి ఆయన చెప్తుంటే వింటున్నవాళ్ళకి ఇంకో ఉద్యోగం చెయ్యబుద్ధి కాదు.

మేం లోపలికి వెళ్ళేసరికి రెండు చదువుల నియమం చెప్తున్నాడు. అది ఆయన పెట్టిందే. ఒకరు పేపరు చదివి బాణం వేస్తారు. రెండోవాళ్ళు ఆ బాణం చూడకుండా అదే పేపరు మొదటి నుంచి చదివి తమ బాణం వేస్తారు. రెండూ కలిస్తేనే డేటాబేసులోకి వెళ్తుంది. కలవకపోతే ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని, పేపరు మధ్యన పెట్టుకుని, ఒకదారికి వచ్చేదాకా లేవకూడదు. మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు మా దగ్గర.

ఇంకో ముచ్చట కూడా ఉంది. రెండోసారి చదివినవాళ్ళు లేచి నిలబడి, మొదట చదివినవారు నాకేమీ కారు అని అందరికీ వినపడేలా చెప్పాలి. ఆఫీసు మొదలైన కొత్తల్లో ఒక అన్నాతమ్ముడూ ఉండేవారట. అన్న ఏ బాణం వేస్తే తమ్ముడు గుడ్డిగా అదే వేసేవాడట. అప్పటి నుంచి చుట్టాలు ఒకరిది ఒకరు చదవకూడదని పెద్దాయన కట్టడి చేశాడు. ఆ మాట చెప్పకుండా బాణాన్ని డేటాబేసులోకి వెళ్ళనివ్వడు. మాకది బళ్ళో హాజరు పలికినట్టు అలవాటైపోయింది. నోట్లో బిస్కెట్టు పెట్టుకుని కూడా చెప్పేశాను నేను.

ఇదంతా చెప్పి పెద్దాయన ఛాతీ విరుచుకుని, ఇద్దరు చదవని బాణం మా దగ్గర ఒక్కటి కూడా లేదు అన్నాడు.

"ఒకటుంది సార్," అంది పేచీ.

గోడవారగా ఉన్నవాళ్ళు మెడలు తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పారు. అధ్యక్షురాలు చెవి వెనక నుంచి పెన్సిలు తీసింది.

పేచీ తెర దగ్గరికి వెళ్ళలేదు, చేతులు ఊపలేదు. బల్ల ఈ చివర నిలబడి డాక్టరమ్మ మెయిల్ సంగతి చెప్పింది. తర్వాత పేపర్లో ప్రయోగం సంగతి చెప్పింది. ఒక ప్రోటీన్ ఏం చేస్తుందో తెలియాలంటే శాస్త్రవేత్తలు దాన్ని కణంలోంచి తీసేసి చూస్తారు. వీళ్ళూ తీసేశారు. తీసెయ్యగానే మచ్చల జన్యువు పని పెరిగింది. పేపర్లో పెరిగింది అని ఉంది, దాన్ని చూసి మనవాళ్ళు పై బాణం వేసేశారు. కమిటీలో ఒకాయన, పెరిగితే పై బాణమేగా మరి అన్నాడు. పాపం ఆయన ఈ పని చేసేవాడు కాదు.

"మాస్టారు బయటికి వెళ్ళగానే క్లాసులో గోల పెరిగిందనుకోండి. గోల చేసేది మాస్టారని రాస్తామా సార్? ఆయన ఉన్నంతసేపూ ఆపాడని కదా రాయాలి."

నాకు నవ్వాగలేదు, దగ్గుతో కప్పేశాను. ఎందుకంటే మా ఆఫీసులో చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజు పెద్దాయన చేసే హెచ్చరిక ఇదే. తీసేసి చూసిన ప్రయోగం దగ్గర జాగ్రత్త, అక్కడ బాణం తిరగెయ్యాలి, కొత్తవాళ్ళందరూ బోర్లాపడేది అక్కడే అని బల్ల గుద్ది మరీ చెప్తాడు.

ఆయన ముఖం కందిపోయింది. ఆ బాణం నేను వేసింది అన్నాడు, చాలా నెమ్మదిగా.

"తెలుసు సార్. అందుకే ఎవరూ రెండోసారి చదవలేదు."

ఈ మాట అన్నప్పుడు దాని గొంతులో వెటకారం లేదు, ఎదిరింపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అది నిజం కూడా. మిగతా పాతవన్నీ మేం తర్వాత కూర్చుని రెండోసారి చదివాం. పెద్దాయన పేరున్నవి మాత్రం తెరిచి, పేరు చూసి, సారు వేసిందే కదా అని దండం పెట్టుకున్నట్టు మూసేశాం. నేనూ మూశాను, మా పక్క బల్ల నిదానమూ మూశాడు, అందరం మూశాం. గౌరవం అనుకున్నాం దాన్ని. ఈ పిల్ల వచ్చి అది గౌరవం కాదని కమిటీ ముందు తేల్చేసింది. దాని ఉద్యోగం ఊడిపోబోతోందని తెలిసి కూడా నాకు కడుపు నిండిపోయింది. మా అక్క ఉంటే ఎంత మురిసిపోయేదో.

అధ్యక్షురాలు చాలా తాపీ మనిషి. ఈ అమ్మాయి చదివింది సరే, మీ నియమం ప్రకారం రెండోసారి ఎవరు చదివారు అని అడిగింది. ఎవరూ చదవలేదంది పేచీ. ఆవిడ నా వైపు చూసింది. నేను లేచి, నేను దాని పిన్నినండీ, చదవకూడదు అన్నాను. ఆవిడ గోడవారగా చూసింది. ఒక్కొక్క తలా కిందికి దిగింది. నిదానమైతే బూటు లేసు ఊడకపోయినా కట్టుకోవడం మొదలుపెట్టాడు. నిదానం అతని అసలు పేరు కాదు. ఒక పేపరు చదవడానికి ఒక పూట పడుతుంది, అందుకని ఆ పేరు. ప్రొద్దున్న పేచీ అడిగితే కూడా, పెద్దాయనదా, నా వల్ల కాదమ్మా, నాకు పిల్లలున్నారు అని చేతులెత్తేశాడు.

అప్పుడు పేచీ అన్న మాటకి నేను కుర్చీ పట్టుకున్నాను.

"మీరే చదవండి సార్. మీ పాత బాణం కనపడకుండా పెడతాను. ఇవాళే వచ్చిన కొత్త పేపరు అనుకుని మొదటి నుంచి చదవండి. మీకేది అనిపిస్తే అది వెయ్యండి."

ఆయన దాని వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. పేచీని ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు ఆయన ఊళ్ళో లేడు. తిరిగొచ్చి మొదటిసారి దీన్ని చూసిన రోజు కూడా ఇలాగే చూసి, ఒక్క మాట మాట్లాడకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇది వేసిన బాణం ఒక్కటి కూడా రెండో చదువుకి ఆయన ముట్టుకోలేదు. అందరివీ చదివేవాడు, దీనివి మాత్రం పక్కకి నెట్టేవాడు. పిల్లంటే ఎంత చిన్నచూపో అని నేను ఇంటికెళ్ళి గిన్నెల మీద కోపం చూపించేదాన్ని.

ఇప్పుడూ నేను కాకుండా ఇంకెవరైనా అన్నాడు. ఇంకెవరూ లేరు కదా అంది అధ్యక్షురాలు, ల్యాప్‌టాప్ ఆయన ముందుకి జరుపుతూ. ఆయన రుమాలుతో చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.

చదవడం మొదలుపెట్టాక మాత్రం మనిషి మారిపోయాడు. కమిటీ లేదు, మేం లేము, ఆయనా ఆ పేపరూ అంతే. ఎడమ అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని ఒంటికన్నుతో చదువుతున్నాడు. పేచీకి కూడా ఈ పాడలవాటే ఉంది. చిన్నప్పుడు దీన్ని చూసి భయపడి కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. కళ్ళు దివ్యంగా ఉన్నాయండీ, ఊరికే అలవాటు అని పంపించేశాడు. ఈయన్ని చూసి ఇప్పుడు నేర్చుకుందనడానికి లేదు కదా, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇది అని ఒక్క క్షణం అనుకుని వదిలేశాను. నా బుర్ర అప్పుడు బాణం మీద ఉంది.

ఆయన తలుచుకుంటే మళ్ళీ పై బాణమే వెయ్యొచ్చు. అప్పుడు రెండూ కలవవు. కమిటీ వెళ్ళిపోతుంది, డాక్టరమ్మ కణాలు చెత్తబుట్టలోకి పోతాయి, మా పిల్ల పెట్టే బేడా సర్దుకుంటుంది. ఆయన వేసిందే ఒప్పని అనడానికి గోడవారగా బోలెడు మంది ఉన్నారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. బొమ్మల దగ్గరికి వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, పద్ధతులు రాసిన చోట ఆగాడు. ఒకచోట పెదవి కొరుక్కున్నాడు. ఆ తర్వాత ఇంకేమీ ఆలోచించకుండా వేలు నొక్కాడు.

తెర మీద పక్కపక్కన రెండు గళ్ళు వెలిగాయి. పేచీది కింది బాణం. పెద్దాయనది కింది బాణం. వాటి కింద, ఇన్నేళ్ళుగా అక్కడ కూర్చున్న పాత పై బాణం.

ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నేనే అయి ఉంటాను.

ఆయన కుర్చీలోంచి లేవకుండానే కమిటీ వైపు తిరిగాడు. కొత్తవాళ్ళు చేసే తప్పని అందరికీ చెప్పే తప్పు నేనే చేశానండీ అన్నాడు. నా పేరు చూసి ఇన్నేళ్ళూ వీళ్ళెవరూ చదవలేదు, అది వీళ్ళ తప్పు కాదు, చదవమని నేను అడగకపోవడం నా తప్పు, చదివిన పిల్ల ఒక్కతే ఉంది అన్నాడు. ఈ మాటలు తల దించుకుని అనలేదు. నియమం తన మీదే పనిచేసి చూపించినందుకు ఆ ముఖంలో ఒక వెలుగు ఉంది. అంత ఎత్తు మనిషి ఇంకాస్త ఎత్తు పెరిగినట్టు కనిపించాడు నాకు. ఇన్నాళ్ళ కోపంలో సగం అక్కడే రాలిపోయింది.

ఇంక మిగిలింది ఆ ఒక్క మాట. లేచి నిలబడి చెప్పేస్తే బాణం మారిపోతుంది. డాక్టరమ్మకి మెయిల్ వెళ్ళిపోతుంది. మా వాళ్ళు అప్పుడే కుర్చీల్లో కదులుతున్నారు. పెద్దాయన లేచాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"మొదట చదివినవారు," అని ఆగాడు.

మంచినీళ్ళ సీసా వైపు చెయ్యి చాచి తీసుకోకుండానే వెనక్కి లాక్కున్నాడు.

"ఈ మాట నేను చెప్పలేను."

అధ్యక్షురాలు ఎందుకని అడిగింది.

"అబద్ధమవుతుంది."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత లెక్క వేసుకున్నాను. ఈ కొత్త బాణానికి మొదట చదివినది మా పేచీ. అది ఈయనకి ఏమీ కాదని చెప్తే అబద్ధమైతే, ఏమవుతుంది? మా అక్క వైపు మనుషులు నాకు తెలియనివాళ్ళు లేరు. మా బావ వైపు అసలు మనుషులే లేరు. పెళ్ళిలో ఆయన తరఫు కుర్చీలన్నీ ఖాళీ. నాకెవరూ లేరండీ అని నవ్వుతూ చెప్పేవాడు, ఆ నవ్వు చూసి మేమూ మళ్ళీ అడిగేవాళ్ళం కాదు. నా కళ్ళు పెద్దాయన ఎడమ అరచేతి మీద పడ్డాయి. ఇందాక కన్ను మూసుకున్న చెయ్యి. ఎవరో వీపు మీద చరిచినట్టయింది. తండ్రో, పెదనాన్నో తెలీదు కానీ, ఈయన మా బావ తరఫు మనిషే.

కమిటీవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నిదానం బూటు లేసు వదిలేశాడు. అందరూ పేచీ ఏమంటుందో అని చూస్తున్నారు. ఏడుస్తుందేమో, ఎవరు మీరు అని నిలదీస్తుందేమో అనుకున్నాను. అది తెర మీద పాత బాణం వైపు వేలు చూపించింది.

"ముందు బాణం సార్. మిగతావి తర్వాత."

ఈ ముక్క నేను చచ్చేదాకా చెప్పుకుంటాను. దాన్ని పెంచింది నేనేనని ఊరంతా చాటింపు వెయ్యాలనిపించింది.

పెద్దాయన తలాడించాడు. నేను చదివింది చెల్లదు, ఇంకొకరు చదవాలి అని గోడవారకి తిరిగి చెప్పాడు. ఈసారి తలలు దిగలేదు. అందరికంటే ముందు లేచింది నిదానం. ఎన్నడూ లేనిది పరిగెత్తినట్టు వచ్చి ల్యాప్‌టాప్ ఎత్తుకుని మూల కుర్చీలోకి పోయాడు. మేమందరం అతను చదవడం చూస్తూ కూర్చున్నాం. ఆ కాసేపు ఎంత బరువుగా నడిచిందో నాకు తెలుసు. ఎవరూ పెద్దాయన్ని ఏమీ అడగలేదు. ఆయనా పేచీ వైపు చూడలేదు. పూట పట్టే మనిషి కాసేపట్లోనే బాణం వేశాడు, కిందికే. లేచి నిలబడి, మొదట చదివినవారు నాకేమీ కారు అని బళ్ళో పద్యం చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట అంత బరువైనదని అందరికీ ఆ రోజే తెలిసింది. బిస్కెట్టు నోట్లో పెట్టుకుని చెప్పినందుకు నాకు నా మీదే అసహ్యం వేసింది.

తెర మీద పాత బాణం పోయింది. పోయిన చోట అది ఉండేదని, ఎందుకు మారిందో, ఎవరు చదివారో అందరికీ కనపడేలా పేచీ రాసింది. చాటుగా దిద్దడం దానికి చేతకాదు. డాక్టరమ్మకి, తప్పు మీది కాదు, మాది, దయచేసి కణాలు పారెయ్యకండి అని మెయిల్ పంపింది. అది పంపి ల్యాప్‌టాప్ మూసే లోపలే జవాబు వచ్చింది. ఇంకా పారెయ్యలేదు అని ఉంది. అంతే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెద్దాయన తన గదికి వెళ్ళి, ఎన్నాళ్ళ నుంచో బల్ల మీద పడి ఉన్న ఆ ఉద్యోగం కాగితం తెచ్చి అధ్యక్షురాలి ముందు పెట్టాడు. చుట్టాలకి నేను సంతకం పెట్టకూడదు, పెట్టనందుకు కారణం చెప్పే ధైర్యం ఇన్నాళ్ళూ లేకపోయింది, ఇందాక కుర్చీ ఉండదని బెదిరించాను కూడా, అది నా నోటి దురుసు, మీరు చూడండి అన్నాడు. ఆవిడ కాగితం చదివింది. పెన్సిలు చెవి వెనక పెట్టేసి, సంచిలోంచి పెన్ను తీసి సంతకం చేసింది. మిగతా స్లైడులు చూపించనక్కర్లేదండీ, చూడాల్సింది చూశాం అని లేచింది. డేటాబేసు ఉంటుందో లేదో వాళ్ళ నోటి వెంట రాలేదు కానీ, వెళ్తూ ఆవిడ పేచీ భుజం తట్టింది. ఆ తట్టడం నేను చూశాను.

హాలు ఖాళీ అయింది. మేం ముగ్గురమే మిగిలాం. పేచీ ప్రొజెక్టరు వైరు చుడుతోంది. పెద్దాయన బల్ల అవతల నిలబడి, దాని వైపు చూసే ధైర్యం చాలక నా వైపు చూశాడు.

"అమ్మా, ఈ పిల్లకి వాళ్ళ నాన్న నా గురించి ఏమని చెప్పాడు?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పను, ఆయనెవరో నాకు మా బావ చెప్తే కదా. నా కంటే ముందు పేచీ అందుకుంది, వైరు చుట్టడం ఆపకుండా.

"న్యూస్ పేపర్లో మీ ఫొటో పడింది సార్, నా చిన్నప్పుడు. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. ఎవరు నాన్నా అని అడిగాను. నాకేమీ కారు అన్నాడు."

ఈ సంగతి నాకు తెలియదు. నా ఇంట్లో, నా చేతి అన్నం తిని పెరిగిన పిల్ల, ఇంత మాట ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని, ఉద్యోగాలు ఇన్ని ఉండగా ఏరికోరి ఈ ఆఫీసుకే ఎందుకొచ్చిందో నాకు అప్పుడు తట్టింది.

"నాన్న ఒక్కడే చెప్పాడు కదా, ఒకరు చెప్తే సరిపోదనిపించింది," అంది పేచీ. "ఇవాళ చదవడానికి ఇంకెవరూ ముందుకు రానప్పుడు, మీరు కూడా అదే మాట చెప్తారేమో విందామనుకున్నాను. మీరు చెప్పలేదు."

వైరు చుట్ట బల్ల మీద పెట్టింది. ఒక కుర్చీ లాగి ఆయన ముందు వేసింది. ఇంకోటి దానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"రెండూ కలవలేదు. కలవకపోతే ఏం చెయ్యాలో మీరు పెట్టిన నియమమే. కూర్చోండి సార్."